అపరిచితులు గారి దివ్యసముఖమునకు

"నమస్తే సార్. మీ కెరీర్ ప్రయాణం నాకెంతో స్ఫూర్తినిచ్చింది."

ఈ సందేశం అందుకున్న సారుగారి ప్రయాణం ఏమిటయ్యా అంటే, పొద్దున్నే కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో దిగి లైను మారడం, రాయదుర్గంలో తేలడం. ప్రొబేషన్ మొన్ననే ముగిసింది. ఆయన జీవితం ఎవరికో స్ఫూర్తినిచ్చిందని తెలిస్తే ముందు నవ్వేది వాళ్ళమ్మే. అయినా లింక్డిన్‌లో పూటకో నిరుద్యోగి ఆయన్ని వివేకానందుడి పక్కన కూర్చోబెడుతూనే ఉన్నాడు.

ముక్కూమొహం తెలియని ఉద్యోగికి ఉద్యోగార్థి రాసే ఈ స్తోత్రానికో క్రమం ఉంది. ముందు కుశలప్రశ్న, ఆపైన పొగడ్త. తర్వాత "మీ విలువైన సమయంలో ఓ పదిహేను నిమిషాలు", చివర్లో "మీ కంపెనీ వర్క్ కల్చర్ తెలుసుకోవాలనుంది". కల్చర్ ఎవడిక్కావాలి? కావలసింది రిఫరల్. ఆ సంగతి రాసినవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. సంబంధం మాట్లాడడానికొచ్చి గంటసేపు వానల గురించి చెప్పుకునే పెళ్ళిపెద్దల్లా ఇద్దరూ నటిస్తారు. మన తాతల అర్జీలే నయం. "మహారాజరాజశ్రీ" అని ఎంత వంగి మొదలుపెట్టినా, మూడో వాక్యానికల్లా గుమాస్తా పని ఇప్పించమని అడిగేసేవి. ఎమ్మెల్యే గారి సిఫార్సు ఉత్తరం తెచ్చుకున్నవాడు దాన్ని మడిచి లోపలి జేబులో దాచుకునేవాడు, నలుగురు చూస్తే బాగుండదని. ఇప్పుడు ఆ సిఫార్సుకే నెట్‌వర్కింగ్ అని పేరుపెట్టి, ఫీజు కట్టించుకుని మరీ నేర్పిస్తున్నారు.

నేర్పే మహానుభావులు మధ్యలో సామాజిక శాస్త్రం కూడా వడ్డిస్తారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ పండితుడు 1973లో బలహీన బంధాల బలం గురించి ఓ వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను పట్టుకుని, ఆ తెలిసినవాళ్ళను ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. అప్పుడప్పుడూ మాత్రమే అన్నవాళ్ళు నూటికి 55 మందికి పైనే. తరచుగా అన్నవాళ్ళు 17 మంది కూడా లేరు. బాగానే ఉంది. కానీ ఆయన లెక్కపెట్టింది పాత సహోద్యోగుల్ని, ఎప్పుడో కలిసిన పరిచయస్తుల్ని. మనవాళ్ళు దాన్ని తీసుకొచ్చి, జన్మలో చూడని మనిషికి దండాలు పెట్టించడానికి ప్రమాణంగా చూపిస్తున్నారు. బలహీనమైన బంధం వేరు, అసలు బంధమే లేకపోవడం వేరు. ఈమాత్రం తేడా వెబినార్‌లో చెబితే రెండో వెబినార్ అమ్ముడుపోదు కదా!

ఇక డబ్బు సంగతి. ఉద్యోగ ప్రకటన బహిరంగమే. అప్లై బటన్ అందరిదే. నొక్కితే ఏమవుతుందో మాత్రం నొక్కినవాడికి ఎవడూ చెప్పడు, అందుకే అందరూ పక్కదారి పడతారు. పక్కదారిలో ప్రతి మలుపు దగ్గరా ఓ టోల్‌గేటు. రిఫర్ చేసిన మనిషి ఉద్యోగంలో చేరితే చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాడికి బోనస్. కంపెనీకి వెతుకులాట ఖర్చు ఆదా. లింక్డిన్‌లో ఉచిత ఖాతావాడు రెండు ముక్కలు రాసి పంపగలిగే ఆహ్వానాలు నెలకు కొన్నే, మిగతావి కావాలంటే ప్రీమియం కట్టాలి. 2016లో మైక్రోసాఫ్ట్ ఈ దుకాణాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది ఊరికే కాదు. ఇందరు బాగుపడే వ్యవహారంలో కృతజ్ఞత చెప్పాల్సిన బాధ్యత మాత్రం జీతం లేనివాడిది.

మన తెలుగువాళ్ళం దీనికి మన తిరగమోత మనం పెట్టాం. మొదటి మెసేజ్‌లో "సార్", మూడోదానికల్లా "అన్నా". "మాది కూడా బాపట్లే అన్నా." ఊరు కలవకపోతే కాలేజీ, అదీ కలవకపోతే ఇంటిపేరు. ఇంటిపేరు చూసి మెసేజ్ పెట్టేవాళ్ళున్నారు. చూసి జవాబిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ జవాబిచ్చిన చేత్తోనే సాయంత్రం డైవర్సిటీ మీద ఓ పోస్టు. ఊళ్ళో మొట్టమొదటి ఇంజినీరై వచ్చిన పిల్లకు కలుపుకోవడానికి అన్నలూ లేరు, పనికొచ్చే ఇంటిపేరూ లేదు. ఆమెకున్న పెట్టుబడి ఆ పొగడ్త ఒక్కటే. ఇప్పుడు దాన్నీ చాట్‌బాట్ రాసిస్తోంది కాబట్టి అందరి పొగడ్తా ఒకే రుచి.

అమెరికాలో ఎమ్మెస్ ముగించి ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి మీద, ఉన్నవాడిని నేను ఎగతాళి చేయలేను. వాడికి ఉద్యోగం లేకుండా గడిపే గడువు 90 రోజులు. స్టెమ్ పొడిగింపు దొరికితే మొత్తం మీద 150. వెనక ఇంటిమీద తెచ్చిన బ్యాంకు లోను. ఎనభయ్యో రోజున ఎవడి ప్రయాణమైనా స్ఫూర్తిదాయకంగానే కనిపిస్తుంది.

నా కోపమంతా అవతలి ఒడ్డు పెద్దమనిషి మీద. నిన్నమొన్నటిదాకా ఇవే స్తోత్రాలు రాసి అటు దాటినవాడే. "రిఫరల్ కావాలి, జాబ్ ఐడీ ఇదీ, నేను చేసిన ప్రాజెక్ట్ ఇదీ" అని సూటిగా అడిగితే, ముందు రిలేషన్‌షిప్ పెంచుకోవాలమ్మా అని పాఠం చెబుతాడు. పెంచుకుందామని కుశలమడిగితే చూసి ఊరుకుంటాడు. చూసినట్టు గుర్తు ఉంటుంది, సమాధానం ఉండదు. "కుదరదు" అని రాయడానికి నాలుగక్షరాల ఓపిక లేదు గానీ, ఓ ఆదివారం తీరిగ్గా కూర్చుని ఆ పిల్లాడి మెసేజ్‌కు స్క్రీన్‌షాట్ తీస్తాడు. దయగల మనిషి కదా, పేరు మీద నల్లరంగు పూస్తాడు. వచ్చీరాని ఇంగ్లిష్ మాత్రం అందరికీ కనబడేలా ఉంచుతాడు. "ఉద్యోగార్థులారా, దయచేసి ఇలా రాయకండి" అని పైన శీర్షిక పెట్టి జనంలోకి వదులుతాడు.

గంటలో వందల లైకులు. కింద మొదటి కామెంటు: "అద్భుతంగా చెప్పారు సార్. వీలైతే ఒకసారి మీ ఇన్‌బాక్స్ చూడగలరు."