వీపుసంచి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా మేనల్లుడు ఒక ఉద్యోగం మానేసి ఇంకోదాంట్లో చేరేలోపు దొరికిన ఖాళీలో బ్యాంకాకు వెళ్ళొచ్చాడు. సంక్రాంతికి చిలకలపూడి వచ్చి, పండగ మూడు రోజులూ మాకు యాత్రాశాస్త్రం బోధించాడు. ఏం చూశాడన్నది కాదు అతని శాస్త్రం, ఎంత తక్కువలో చూశాడన్నది. రాత్రికి మంచం ఎంత, పడవకి ఎంత, నూడిల్స్‌కి ఎంత. విమానం టిక్కెట్టు సంగతి అడిగితే అది లెక్కలోకి రాదట.

ఈ శాస్త్రసారాన్ని వాట్సాప్ స్టేటస్‌లో నాలుగు ముక్కలుగా పెట్టుకున్నాడు. వచనానికి టీక రాస్తే మర్యాదగా ఉండదు గనక ఆ ముక్కల్ని నేను ఆటవెలదిలో కూర్చాను. భావం అతడిది, గణాలు నావి.

మూలము

పర్సు తీయకుండ బ్యాంకాకు చుట్టితి
వీపుసంచితోడ విడిది దొరికె
యాత్రికుండ మామ! యనకు టూరిస్టని
వంద రూకలైన వదలలేదు

ప్రతిపదార్థము

బ్యాంకాకు, చుట్టితి: సుగమములు. వదిలేస్తున్నాను.

పర్సు తీయకుండన్: జేబునం దుండు తోలుసంచిని వెలికి తీయకయే యని యర్థము. పర్సు తీయనివాడు మూడు పూటలా ఏమి తినెను అని శంక. ఫోను తీసెను, కార్డు తీసెను అని సమాధానము. పర్సు పర్సే, దాన్ని లక్షణార్థంలో తీసుకోరాదు. కవి అక్షరసత్యము పలికెను.

వీపుసంచితోడన్: వీపున ధరింపబడిన సంచితో. అరుగు మీద దింపినప్పుడు దీన్ని దగ్గరగా చూశాను. ఛాతీకొక పట్టీ, నడుముకొక పట్టీ, నీళ్ళగొట్టం దూర్చుకోడానికి ఒక కంత, వానొస్తే కప్పడానికి ఒక ముసుగు. ఛాతీ పట్టీ బకిల్‌లో బుల్లి ఈల. కొండల్లో దారి తప్పితే ఊదాలట. బ్యాంకాకులో కొండలెక్కడివిరా? చావోఫ్రాయా నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి నేల అది, మన దివిసీమ ఎంత చదునో అదీ అంత చదును. ఆ ఈలను పక్కింటి పిల్లాడు పండగంతా ఊది దాని జన్మ సార్థకం చేశాడు.

విశేషాంశము

సామాను ప్రసక్తి వచ్చింది గనక మా బందరు రేవు గురించి ఒక్క మాట. తొందర ఉన్నవారు రెండో పాదంలోని విడిదికి వెళ్ళిపోవచ్చు.

సయాం దేశానికి, అంటే ఇప్పటి థాయ్‌లాండుకి, వెళ్ళిరావడం ఈ తీరానికి కొత్త ముచ్చట కాదు. గోల్కొండ నవాబుల కాలంలో బందరు నుంచి ఓడలు మెర్గూయీ, టెనాసెరిం రేవులకు పోయేవి. అక్కణ్ణించి సరుకు ఏటి పడవల మీదా అడవి దారినా సయాం రాజధాని అయోధ్యకు చేరేది. అయుత్తయ అని వాళ్ళంటారు. డచ్చివాళ్ళు 1605లోనూ ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ బందరులో కొట్లు పెట్టింది ఇలాంటి బేరాల్లో వాటా కోసమే. మన అద్దకం బట్టలంటే సయాం వాళ్ళకు ఎంత మోజంటే, తమ అభిరుచికి తగ్గ నమూనాలు పంపి మరీ ఈ తీరంలో అద్దించుకునేవారు. బట్టలు అటు పోతే ఇటు ఏమొచ్చేవి? తగరం వచ్చేది, రంగుచెక్క వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యంగా ఏనుగులొచ్చేవి.

నేను మా మేనల్లుణ్ణి తలుచుకునేది ఈ ఏనుగుల దగ్గరే. శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు సయాం రాజు నారాయ్ కొలువులో చేరి మెర్గూయీకీ బందరుకీ మధ్య ఓడ నడిపాడు. రాజుగారి ఏనుగుల్ని ఓడలో వేసుకుని బంగాళాఖాతం దాటించాడు. దాటించేటప్పుడు వాటికి మేత కావాలి, తాగడానికి మంచినీళ్ళు కావాలి, గాలివాన వస్తే అవి అటూ ఇటూ ఒరగకుండా చూసుకోవాలి. రేవులో దింపడం ఇంకో ప్రహసనం, బందరులో ఓడలు ఒడ్డుదాకా రాలేవు, దూరాన లంగరేసి పడవల మీద దింపుకోవాల్సిందే. ఇంత చేసినవాడు స్టేటస్ పెట్టలేదు. (ఆ తర్వాత మెర్గూయీ రేవుకి అధికారి అయ్యి, రాజుగారి ఓడలతోనే గోల్కొండ ఓడల్ని దోచాడు. అది వేరే కథ. దొంగైనా వీపుసంచివాడు కాదు.) ఇప్పుడు ఏడు కిలోలు దాటిందని కౌంటరు దగ్గర సంచి తూస్తే, రెండు ప్యాంట్లు ఒంటిమీదే వేసుకుని గట్టెక్కడం వీరగాథ అయ్యింది.

ఇంకా వెనక్కి పోతే టాలెమీ. రెండో శతాబ్దపు ఆ గ్రీకు భూగోళకర్త కృష్ణా ముఖద్వారాల దగ్గర కంటకోసిల అనే వర్తకపట్నం పేరు రాశాడు. మన ఘంటసాలే అది. శాసనాల్లో కంటకసోల అనే ఉంది. ఇదే తీరాన మరికాస్త ఉత్తరంగా, బంగారు దేశానికి పోయే ఓడలు ఒడ్డు విడిచే తావును కూడా గుర్తించాడు. ఘంటసాల శాసనంలో మహానావికుడు శివకుడని ఒకాయన కనిపిస్తాడు. ఒక దానం సందర్భంగా ఆయన పేరు రాతికెక్కింది కానీ ప్రయాణంలో ఎంత మిగిల్చాడో చెప్పుకున్నందుకు కాదు. బ్యాంకాకువాళ్ళు 2006లో తెరిచిన విమానాశ్రయానికి సువర్ణభూమి అని పేరు పెట్టుకున్నారు. మా వాడు దిగింది అక్కడే. దిగ్గానే వాడికి గుర్తొచ్చింది ఉచిత వైఫై.

ఎక్కడున్నాం? వీపు మీద. ప్రకృతానికొద్దాం.

విడిది దొరికెన్: ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. మంచానికొక పరదా, ఒక ప్లగ్గు, ఒక తాళం పెట్టె. స్నానాలగది వసారా చివర, అందరికీ ఒకటే. ఖావోసాన్ రోడ్డు అనే వీధి పక్కన. ఆ వీధి ఒకప్పుడు బియ్యం బేరాలకు పేరుపడ్డది. గుడివాడ రైసు మిల్లుల నీడలో పెరిగిన ఈ కవికి అది తెలియకపోవడం శోచనీయము.

ఇక్కడ టీకాకారుడు కాసేపు శాస్త్రం పక్కన పెడుతున్నాడు. కార్తీక పౌర్ణమికి మా చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకూ మంగినపూడి సముద్రస్నానానికీ జనం మూటలతో వస్తారు. చోటు దొరికిన అరుగు మీద దుప్పటి పరుచుకుంటారు, పులిహోర పొట్లం విప్పుకుంటారు, తెల్లారగట్ల నీళ్ళలో మునిగి రైలెక్కుతారు. వాళ్ళ ఖర్చు ముందు మా వాడి లెక్కలు దుబారా. వాళ్ళని చూసి ముక్కు మూసుకున్నది వీడే. మొన్న కార్తీకంలో వాళ్ళమ్మ రమ్మంటే “ఏసీ లేని సత్రంలో నేనుండలేనమ్మా, బాత్రూం కామనంట” అన్నాడు. అదే కామను బాత్రూం ఖావోసాన్‌లో అనుభవం అయ్యింది.

కామను గదుల మాటకొస్తే, రంగం, అంటే రంగూన్, పోయిన తెలుగువాళ్ళున్నారు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీద, ఎండకీ వానకీ, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయారు. రంగంలో ఒకే గదిలో ఇరుక్కుని, వంతులేసుకుని పడుకున్నారు. పగటి షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు వాలేది అదే చాప మీద. 1931 నాటికి ఆ నగరంలో సగం పైన జనం భారతీయులే. అంతకు ముందు ఏడాది మేలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకూ బర్మావాళ్ళకూ వచ్చిన తగువులో ఎంతోమంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడితే మిగిలినవాళ్ళలో చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. ఆ ఈల వాళ్ళ దగ్గరుంటే పనికొచ్చేది. వాళ్ళూ తక్కువ డబ్బులతో ఆగ్నేయాసియా మహానగరంలో బతికినవాళ్ళే. తేడా ఏమిటంటే, విసుగొస్తే ఇంటికి వచ్చేసే టిక్కెట్టు వాళ్ళ చేతిలో లేదు.

యాత్రికుండ మామ! యనకు టూరిస్టని: ఓ మామా! నేను యాత్రికుడను, నన్ను టూరిస్టని పిలువకుము. టూరిస్టు వాట్ ఫో గుడికి వెళ్ళి పడుకున్న బుద్ధుణ్ణి చూస్తాడు. యాత్రికుడు అదే గుడికి వెళ్ళి అదే బుద్ధుణ్ణి చూసి, టూరిస్టులెక్కువయ్యారని విసుక్కుంటాడు. అంతే భేదము.

మా ఊరు గిల్టు నగలకు పేరుపడ్డది. చవక లోహానికి పసిడి పూత, దాని మీదే ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. అమ్మేవాడు గిల్టని చెప్పే అమ్ముతాడు, కొనేవాడు తెలిసే కొంటాడు. పసిడికి చవక లోహపు పూత వేయించుకుని తిరగడం మాత్రం మా కంసాలులకు కూడా తట్టలేదు.

వంద రూకలైన వదలలేదు: దీనికి వీడియో ప్రమాణము. బండి దగ్గర ఒక ముసలావిడ. పెనం మీద నూడిల్సు, మొలకలు, గుడ్డు, చింతపండు పులుసు. చేతులు ఆగడం లేదు. అరవై భాట్లంది. మా వాడు వేళ్ళు చూపించి యాభై చేశాడు, స్నేహితుడు ఫోను పట్టుకుని నవ్వాడు. పది భాట్లంటే మన లెక్కన పాతిక రూపాయల పైచిలుకు. ఆవిడ కూడా నవ్వి, పైన వేరుశనగ పొడి చల్లి, అడక్కుండానే ఇంకో నిమ్మబద్ద పెట్టింది. ఆ నిమ్మబద్ద ఏ లెక్కలో రాశావురా అంటే, “బేరం అక్కడి కల్చర్ మావయ్యా” అన్నాడు. ఆ కల్చర్ ఎయిర్‌కండిషన్డ్ మాల్‌లో ఎందుకు గుర్తు రాలేదో, అక్కడ కొన్న బూట్ల డబ్బా మీద ధర చీటీ ఇంకా అతికే ఉంది.

అలంకారము: ఉన్న కలిమిని దాచి లేమిని చాటుట. లాక్షణికులు దీనికి పేరు పెట్టలేదు. వారి కాలమున అవసరము పడలేదు కాబోలు.

తాత్పర్యము: స్పష్టము.

పాఠాంతరము: ఈ టీక చదివి వినిపిస్తుంటే మా అక్కయ్య, అనగా మూలకర్త తల్లి, వంటింట్లోంచి నాలుగో పాదం అది కాదంది. విమానం టిక్కెట్టు కొన్నది ఆవిడేనట, చీటీ పాట డబ్బుతో. ఆవిడ చెప్పిన పాఠం:

అమ్మ సొమ్ము కదర! యడుగరెవరు

గణాలు సరిపోయాయి, యతి కూడా కుదిరింది. మేనల్లుడు ఒప్పుకోవడం లేదు. పండితులు పరిశీలింతురు గాక.