సున్నం పని ఎవరికొచ్చు ఇప్పుడు?

మా రోజుల్లో వానలకు ముందు పెంకు తిరగనేయించడం, సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టించడం ఏటా తప్పని పని. మిరప ధర పడిపోయిన ఏడు కూడా మా నాన్న ఆ ఖర్చు మానలేదు. పాతగుంటూరులో, బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో మండువా ఇళ్ళు, మిద్దెలు తరాలు దాటి నిలబడ్డాయంటే అందుకే.

ఇప్పుడు అన్నదమ్ముల వాటాలు తెగవు. ఒకడు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో. ఇంటికి తాళం. గోడ చెమ్మెక్కిందని ఎవడో వచ్చి సిమెంటు మెత్తుతాడు. ఇంటికి చావు అక్కడ మొదలవుతుంది. ఆ గోడ ఎద్దు తిప్పిన గానుగలో నలిగిన సున్నంతో కట్టింది. గచ్చులో కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. గోడలోకి దిగిన తేమ సున్నంలోంచి తనంతట తనే ఆరిపోయేది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. నాలుగు వానలకు ఇటుక పొడిగా రాలుతుంది. అప్పుడు శిథిలమని కాగితం వస్తుంది, వెనకే డెవలప్‌మెంటుకిమ్మని బిల్డరు వస్తాడు. మొన్న మా వీధిలో ఓ టేకు గుమ్మాన్ని గునపాలతో పెకలించి లారీ ఎక్కించారు. గడపకు రాసిన పసుపు ఇంకా చెక్కమీదే ఉంది. కడుపు తరుక్కుపోయింది.

పూర్వం అందరూ కాపాడారని నేననను. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతుంటే అమరావతి స్తూపం దిబ్బ తవ్వి రాళ్ళు తీశారు. మిగిలిన శిల్పాలు చాలావరకు మద్రాసుకి, లండనుకి పోయాయి. కానీ మా కాలంలో నాగార్జునకొండను చూడండి. సాగర్ నీళ్ళు లోయను ముంచకముందే, 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపు అనే చోటికీ చేర్చి మళ్ళీ నిలబెట్టారు. తిండిగింజలు దిగుమతి చేసుకునే రోజుల్లో ఈ దేశం చేసిన పని అది! ఇవాళ డబ్బుంది, క్రేన్లున్నాయి, ఒక్క వీధిని నిలుపుకోలేమా?

మా గుంటూరు జిన్నా టవర్ పేరు మీద 2022లో ఊరంతా రగిలింది, మూడు రంగులూ వేశారు. ఆ స్తంభాల గచ్చు ఎలా ఉందని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. అమరావతిని కేంద్రం 2015లో వారసత్వ నగరాల హృదయ్ పథకంలో చేర్చింది, సంతోషం. స్తూపానికి చట్టముంది, కాపలా ఉంది. జనం కాపురమున్న ఇంటికి ఎవరున్నారు? హైదరాబాదులో 1995లో వారసత్వ కట్టడాల నిబంధన తెచ్చి, ప్రైవేటు ఇళ్ళను కూడా జాబితాకెక్కించారు, ఇరవై ఏళ్ళకు ఆ నిబంధననే ఎత్తేశారు.

గచ్చు పని తెలిసిన మేస్త్రీలు మా వైపు ఇంకా ఒకరిద్దరున్నారు, డెబ్బై దాటినవాళ్ళు. కార్పొరేషను వారు ఏదో ఒక పాత బడిని వాళ్ళ చేతికిచ్చి, కుర్రాళ్ళను పక్కన కూలికి పెట్టాలి. పని ఎండాకాలంలో కావాలంటే గుంత ఇప్పుడే తవ్వాలి. సున్నం నానడానికి టైము పడుతుంది.