అద్దె ఎడారి, అందులో ఈతకొలను

మళ్లీ ఇంకో రీలు వచ్చింది. 'ఎడారి నగరం మరాకేష్ వెళ్తున్నారా? ఈ పది విషయాలు తెలియకుండా వెళ్లకండి!' ఎవరి ఫోన్ తీసినా ఇదే గోల. చెప్పేవాడి తలకి నీలం పాగా, కళ్లకి నల్లద్దాలు, వెనకాల నెమరేస్తున్న ఒంటె. ఇద్దరిలోకీ ఒంటె మొహంలోనే కాస్త విజ్ఞత కనబడుతోంది.

చిట్కాలంటారా, అమోఘం. ఎండ ఎక్కువట, టోపీ పెట్టుకోవాలట. మే నెలలో రెంటచింతలలో కాపురం చేసేవాళ్లకి చెబుతున్న ముక్క ఇది. చిల్లర దగ్గరుంచుకోవాలట. 'ఈ దారి మూసేశారు, నాతో రండి' అనే కుర్రాళ్లని నమ్మకూడదట.

బజారులో చెప్పిన ధరలో మూడో వంతు నుంచి బేరం మొదలెట్టాలట. సుల్తాన్ బజార్‌లో ఐదొందలు చెప్పిన దుపట్టాని నూటయాభైకి అడిగి, ఇవ్వనంటే నాలుగడుగులు ముందుకేసి, వెనక్కి పిలిపించుకునే జాతికి బేరం నేర్పుతున్నాడు మహానుభావుడు! పైగా ఆ కొట్టువాడూ ఫోన్ చూస్తాడు కదా. వచ్చేవాళ్లంతా మూడో వంతుకే అడుగుతారని వాడికి తెలిసి ఎన్నాళ్లయిందో.

జెమా ఎల్‌ఫ్నా మైదానంలో కోతితో ఫొటో దిగేముందే రేటు మాట్లాడుకోవాలట. ఆ కోతి బార్బరీ మకాక్, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి, మెడకి గొలుసు. ఆ సంగతికి పదిట్లో చోటు దొరకలేదు. రేటుకి దొరికింది.

ఇవన్నీ పోనిద్దాం. నన్ను కాల్చుకు తింటున్నది ఏడో చిట్కా. 'సహారా దాకా పోనక్కర్లేదు ఫ్రెండ్స్, గంటలో అగాఫే ఎడారి!'

అయ్యా, అసలు మరాకేష్ ఇసుకలో లేదు. హౌజ్ మైదానంలో, 11వ శతాబ్దంలో అల్మొరావిద్ రాజులు కట్టుకున్న ఊరది. ఖెత్తారాలని భూమి కింద సొరంగాలు తవ్వి, నీళ్లు పారించి, ఖర్జూర తోటలు పెంచుకున్నారు. చలికాలంలో మేడెక్కితే మంచు కప్పుకున్న అట్లాస్ కొండలు కనబడతాయి. ఇసుక తిన్నెలు చూడాలంటే ఆ కొండలు దాటి మెర్జూగా దాకా 550 కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. పొద్దున్నే బయల్దేరితే చీకటిపడేవేళకి చేరతారు.

మరి అగాఫేలో ఏముంది? రాళ్లు, మట్టి మెట్టలు. ఇసుక తిన్నె ఒక్కటి లేదు. వానపడితే గడ్డి మొలుస్తుంది కూడా. చెడ్డ చోటని అనను. పొద్దువాలే వేళ ఆ మెట్టలు రంగు మారుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాన్ని దానిలా అమ్మితే ఎవడు కొంటాడు? అందుకని ఒంటెల్ని వరసగా నిలబెట్టి, ఎక్కేవాడి తలకి ఎక్కడో సహారాలో ఉండే తువారెగ్‌ల నీలం గుడ్డ చుట్టి, రాత్రికి మంటేసి డప్పులు కొట్టించి, 'ఎడారి అనుభవం' అంటారు. రాళ్లు పడకుండా ఫొటో ఏ కోణంలో తీసుకోవాలో కూడా మనవాడు చూపించాడు. చూసేవాళ్ల చెవిలో పువ్వు పెట్టడానికి ఇంత శ్రమా!

గుడారంలో ఏసీ ఉంది. పట్టెమంచం ఉంది. గుడారం ముందు నీలంగా మెరుస్తూ ఈతకొలను ఉంది. ఎడారి అని చెప్పి అమ్మేచోట, ఈతకొలను.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఎవరి నీళ్లవి? 2024 నాటికి మొరాకో వరసగా ఆరేళ్ల కరువు చూసింది. ఆ ఏడాది కాసాబ్లాంకా, టాంజియర్ లాంటి నగరాల్లో హమామ్‌లని వారానికి మూడు రోజులు మూసేయమన్నారు. ఇంట్లో వేణ్నీళ్లకి వీల్లేని పేదవాళ్లు వారానికోసారి ఒళ్లు రుద్దుకునే స్నానశాలలవి. 2025లో గొర్రెల మందలు బాగా తగ్గిపోయాయి, ఆ ఏడాది బక్రీద్‌కి బలి ఇవ్వొద్దని రాజు ఆరో మహమ్మద్ ప్రజల్ని కోరాడు. పండక్కి గొర్రె లేకపోయినా, స్నానానికి నీళ్లు లేకపోయినా, రీలుకి మాత్రం కొలను నిండుగా ఉండాలి.

2023 సెప్టెంబర్ 8 రాత్రి అక్కడొచ్చిన భూకంపంలో దాదాపు మూడు వేలమంది పోయారు. ఎక్కువమంది ఆ అట్లాస్ పల్లెలవాళ్లే. ఇళ్లు కూలినవాళ్లు పట్టాల గుడారాల్లో చలికాలం గడిపారు. అగాఫే మెట్ట మీదినుంచి కనిపించేవి ఆ కొండలే. వాటిని వెనక పెట్టుకుని, కొలనులో కాళ్లాడిస్తూ 'గుడారంలో బతుకంటే ఇదీ!' అని చేతులు చాచేవాడికి సిగ్గులేదు. వాడికి లైకులు కొడుతున్నవాళ్లకీ లేదు.

మరాకేష్‌కి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. పాతబస్తీ సందుల్లో దారి తప్పినా ఫరవాలేదు, బయటపడగానే 77 మీటర్ల కుతుబియా మీనార్ కనిపిస్తుంది. ఇసుక మీద మోజుంటే మూడు రోజులు పెట్టుకుని మెర్జూగా పొండి. అంత తీరిక లేదా, ఇసుక చూడకుండానే తిరిగిరండి, ఎవరూ ఏమీ అనరు. ఆ కొలను ఉన్న గుడారం మాత్రం బుక్ చేయకండి.