కావలెను: పాఠం చెప్పుటకు ఒక టీచరు

మన దేశంలో పెళ్లి సంబంధం చూడ్డానికీ, క్రికెట్ జట్టును ఎంపిక చెయ్యడానికీ, సర్కారు బడిని బాగుచెయ్యడానికీ అర్హతలు అక్కర్లేదు. మొదటి రెండింటికీ కనీసం ఓ సాయంత్రం తీరిక కావాలి. మూడోదానికి అదీ అక్కర్లేదు, ఒక జీవో చాలు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బడిని బాగుచెయ్యని ప్రభుత్వం లేదు. 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ అంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కాస్త బోధన సామగ్రి ఇస్తానని మాటిచ్చింది. నల్లబల్ల వచ్చింది, తరువాత అది ఆకుపచ్చబల్ల అయింది. గదులొచ్చాయి, ఈమధ్య వాటికి టైల్స్ కూడా పడ్డాయి. రెండో టీచరు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాడు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి, అరవై మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లుండాలని చెప్పింది. అంటే ఆయన రాకకు పార్లమెంటు కూడా పూచీ పడింది. చాలా ఊళ్లలో ఆయన కోసం వేసిన కుర్చీ మీద ఇప్పుడు కోడిగుడ్ల ట్రేలు పెడుతున్నారు.

ఆయన రాకపోవడంలో ఎవరి తప్పూ లేదు. బడిలో పిల్లలు తక్కువున్నారని రేషనలైజేషన్‌లో ఒక టీచరును తీసేస్తారు. టీచరు ఒక్కడే ఉన్నాడని ఊళ్లోవాళ్లు పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కిస్తారు. పిల్లలు ఇంకా తగ్గారని ఆ బడిని మరో బడిలో కలుపుతారు. చివరికి ఎవరి లెక్క వారికి సరిపోతుంది. ఇందులో తేడా పడేది ఊరి మీద మాత్రమే, ఊరికి లాగిన్ లేదు కాబట్టి ఆ తేడా ఎక్కడా నమోదు కాదు.

ఇక మిగిలినవాడు మొదటి టీచరు. పేరు మాస్టారు అనుకుందాం. డిపార్టుమెంటు లెక్కలో ఆయన ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. ఆయన బాధ్యత ‘ఐదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు’. ఇది టీచర్ల యూనియన్ వాళ్లు కల్పించిన నినాదం కాదు, కూడిక. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు కలిపి ఆరు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం కూడా చేరి పన్నెండు. పద్దెనిమిది పీరియడ్ల రోజును ఎనిమిది పీరియడ్లలో ఎలా సర్దాలో శిక్షణ ఇస్తామని ఆయన్ను మండల కేంద్రానికి పిలుస్తారు. ఆ రోజు బడికి సెలవు ఇవ్వకూడదు. పక్క ఊరి టీచరును సర్దుబాటు చేస్తారు, పక్క ఊరి బడికి ఏం చేస్తారో పక్క ఊరి కాలమిస్టు రాసుకోవాలి.

మాస్టారి ఉదయం చూడండి. తొమ్మిదికి ముందు ఫోనుకు మొహం చూపించాలి. ఫోను గుర్తుపట్టాలి. పాతికేళ్లుగా ఊరంతా గుర్తుపట్టే మొహమే, కానీ సిగ్నల్ లేనిచోట ఫోను కొంచెం మొహమాటపడుతుంది. అందుకని ఆయన ప్రహరీగోడ పక్కన, వేపచెట్టు ఇవతల, పాత పంపుసెట్టు దిమ్మె మీద నిలబడతాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో స్వామి సూర్యనమస్కారం చేస్తున్నాడనుకుంటారు. తరువాత పిల్లల హాజరు. ఎంతమంది భోంచేస్తారు, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని పగిలాయి, చిక్కీలు ఎన్ని, జావ తాగింది ఎందరు. మధ్యలో మరుగుదొడ్ల ఫొటోలు. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు కొన్నాళ్లపాటు రోజూ ఇవి తీసి అప్‌లోడ్ చేశారు. పిల్లల నోట్‌బుక్కులకు లేని భాగ్యం పాయిఖానా గోడలకు దక్కింది, దేవుడి లీల. ఇన్ని యాప్‌లు మరీ ఎక్కువయ్యాయని అన్నీ కలిపి ‘లీప్’ అని ఒకే యాప్ చేశారు. అప్పటి నుంచి పది యాప్‌ల పని ఒకే యాప్‌లో చేసుకోవచ్చు. పని మాత్రం పదే.

ఈ పనుల్లో నాకు బాగా నచ్చింది పేర్ల సవరణ. రెండో తరగతి పిల్లాడి పేరు ఆధార్‌లో శివ, బడి రిజిస్టరులో శివకుమార్, తల్లి రేషన్ కార్డులో శివయ్య. మొదటి రెండూ ఒకటి కాకపోతే విద్యార్థి గుర్తింపు ‘అపార్’ నంబరు పుట్టదు. నంబరు పుట్టకపోతే రోజూ పైనుంచి వాట్సాప్‌లో ఎర్రగళ్ల జాబితా వస్తుంది, అందులో మన బడి పేరుంటుంది. మాస్టారు వాళ్లమ్మను బతిమాలి ఆధార్ కేంద్రానికి పంపుతాడు. ఆమె ఒక పూట కూలి పోగొట్టుకుంటుంది. సర్వర్ డౌన్ అయితే రెండు పూటలు. ఇంతలో ఆ పిల్లాడు వెనక బెంచీలో పలక మీద గీతలు గీసుకుంటూ కూర్చుంటాడు. వాడికి తన పేరు రాయడం రాదు. వాడి పేరు ఎలా రాయాలా అని మాత్రం మూడు శాఖలు తల పట్టుకున్నాయి.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చాలా దయగలది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పని చెప్పకూడదంటుంది. ఈ మూడు మాటల మధ్య ఎంత చోటుందో చట్టం రాసినవాళ్లు ఊహించి ఉండరు. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లకు క్యూలైన్ల దగ్గర డ్యూటీ వేశారు. ఇది ఏ పద్దు కిందికి వస్తుందని కొందరు గొడవపడ్డారు గానీ, విపత్తు కింద రాసుకోవచ్చు, తాగొచ్చినవాడి ఇంట్లో ఆడవాళ్లెవరూ అభ్యంతరం చెప్పరు. పైగా ఆ వరసలో పాత విద్యార్థులు కొందరైనా ఉండే ఉంటారు. మాస్టారు ‘లైన్లో నిలబడండ్రా’ అనగానే నిలబడ్డారంటే ప్రాథమిక విద్య ఊరికే పోలేదన్నమాట. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. పొద్దున పిల్లలకు ఎక్కాలు, మధ్యాహ్నం పెద్దలకు ప్రశ్నలు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏం సంపాదిస్తున్నారో ఇప్పుడు ప్రభుత్వానికి తెలుసు. ఏ పిల్లాడికి గుణింతం రాదో తెలుసుకునే వీలు ఆ పూటకు లేకపోయింది.

ఇదంతా చదివి టీచర్ల సంఘాలు నాకు శాలువా కప్పుతామంటాయేమో, కాస్త ఆగండి. పాఠం ఎగ్గొట్టే పంతులు యాప్‌ల కంటే చాలా పాతవాడు. అప్పట్లో ఆయన చిట్టీలు పాడుకునేవాడు, ప్లాట్లు చూపించేవాడు, చెట్టు కింద కుర్చీలో కునుకు తీసేవాడు, ఊరు తిట్టుకునేది. యాప్ వచ్చాక ఆయన దశ తిరిగింది. ఇప్పుడు ఆయన ఫోను చూసుకుంటూ కూర్చుంటే అది విధినిర్వహణ. అన్ని గళ్లూ ఆకుపచ్చగా ఉంటాయి, ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం వస్తుంది. పాఠం చెబుతూ ఫొటో మర్చిపోయినవాడికి మెమో వస్తుంది. గుడ్డు నుంచి గోడ దాకా అన్నిటినీ కొలిచే వ్యవస్థ, పిల్లాడికి చదవడం వచ్చిందా లేదా అన్న ఒక్కదాన్ని మాత్రం టీచరు మాట మీద నమ్ముతుంది. ఎంత నమ్మకం!

ఎప్పుడైనా నమ్మకం సడలితే తనిఖీకి వస్తారు. ఆ రోజు గోడలకు తోరణాలు, దారాలకు వేలాడే చార్టులు. అధికారి ‘ఒరే, చదువు’ అంటే, మూడో తరగతి పిల్లాడు తెలుగు వాచకం తీసి గడగడా చదువుతాడు. వేలు ఒక వరస మీద ఉంటుంది, నోరు ఇంకో వరస మీద ఉంటుంది. పేజీ తిరగేసినా వాడు అదే పాఠం చదువుతాడు. అధికారి తృప్తిగా రిజిస్టరులో సంతకం పెడతాడు.

ఈ చదువు కొత్తది కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లా వీధిబడుల మీద మద్రాసుకు నివేదిక రాశాడు. తెలుగుకు వ్యాకరణం రాసిన దొర కాబట్టి చెవి ఉన్నవాడే. పిల్లలు బోలెడన్ని పద్యాలు అప్పజెబుతారనీ, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసనీ వాపోయాడు. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు, అంటే బడికి పన్నెండుమంది. పన్నెండుమంది పిల్లలు, ఒక పంతులు, అర్థం కాని అప్పజెప్పడం. రెండువందల ఏళ్లలో మనం వదులుకున్నది ఇసుక ఒక్కటే. ఇసుకలో రాయించడమూ, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడమూ చౌకైన మంచి పద్ధతులని, వాటిని ఇంగ్లండు అనుకరించడం సబబేననీ ఆయన మెచ్చుకున్నాడు. ఆ రెండోది మన దగ్గర ఈనాటికీ వర్ధిల్లుతోంది. మాస్టారు దిమ్మె మీద ఉన్నంతసేపూ ఐదో తరగతి అమ్మాయి బెత్తం పట్టుకుని ఒకటో తరగతికి అఆలు దిద్దిస్తుంది. ఆ బడి పద్దులో ఎక్కని రెండో టీచరు ఆ అమ్మాయే.

ఇన్ని ఉద్ధరణల తరువాత పరిస్థితి ఏమిటి? దేశం మొత్తం మీద పల్లెల్లోని సర్కారు బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018 అసర్ సర్వేలో 44.2 శాతం. కోవిడ్ తరువాత 2022లో 38.5కు పడిపోయారు. 2024లో 44.8. పడినచోటి నుంచి లేచారు, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. ఆరేళ్ల నికర లాభం మాత్రం ఒక శాతం కూడా లేదు. పునాది అక్షరాలు, అంకెలు అందరికీ 2025 కల్లా వచ్చేయాలని 2020 విద్యావిధానం గడువు పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన ‘నిపుణ్ భారత్’ దాన్ని 2026-27కు జరిపింది. పిల్లలు ముందుకు నడవకపోతే గడువును నడిపించడం మంచిదే, అది పెద్దది, నడవగలదు. ఈలోగా 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో తరగతి నుంచి టోఫెల్‌కు తయారు చేయిస్తామని అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుంది. తెలుగులో ‘ఆవు’ దగ్గర ఆగిన పిల్లాడిని అమెరికా యాసలో ముందుకు తోలవచ్చునన్న ఆలోచన గొప్పదే గానీ, ఆవు కదల్లేదు.

నిజానికి ఈ రోగానికి మన నేల మీదే పరీక్ష చేసి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్దఎత్తున ప్రయోగాలు చేశారు. కొన్ని బడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరికి ఏది వచ్చో ఏది రాదో టీచర్లకు వివరంగా నివేదికలు ఇచ్చారు. ఎవరైనా వచ్చి చూస్తున్నప్పుడు ఆ టీచర్లు బాగా పనిచేశారు. పిల్లల మార్కులు ఏమీ పెరగలేదు. మరికొన్ని బడులకు నివేదిక ఇవ్వకుండా ఒక మనిషిని ఇచ్చారు. ఊళ్లోవాడే, పెద్దగా శిక్షణ లేనివాడు, కాంట్రాక్టు టీచరు. రెండేళ్లలో పిల్లలకు చదువు మెరుగైంది. కాగితం ఇస్తే రాలేదు, మనిషిని ఇస్తే వచ్చింది. ఇంత తేటగా తేలాక ప్రభుత్వాలు ఊరుకుంటాయా? వాళ్లు ఆ ఫలితంలోంచి రెండు ముక్కలు ఏరుకున్నారు. ఒకటి, ఆ మనిషి జీతం రెగ్యులర్ టీచరు జీతంలో దాదాపు ఐదో వంతే. రెండు, కాగితం ఇంకా చౌక.

ఒకే గదిలో ఐదు తరగతులకు ఎలా చెప్పాలన్నది కూడా ఎవరికీ తెలియని విద్యేం కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసమే దాన్ని తయారుచేశారు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి మెట్లుగా పేరిస్తే, ఏ పిల్లాడు ఏ మెట్టు మీదుంటే అక్కణ్నుంచి ఎక్కుతాడు. దీన్ని కర్ణాటక తీసుకుని ‘నలి-కలి’ అంది. తమిళనాడు చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా పాకించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కాబట్టి మనం వాళ్ల రాష్ట్రాలకు అధ్యయన యాత్రలు వేశాం.

ఇక నా ప్రతిపాదన. బడిని బాగుచేసే పని ఆపమని నేనడగను, అది జరిగే పని కాదు. బ్యాగు రంగు, పథకం పేరు అయిదేళ్లకోసారి మారాల్సిందే, లేకపోతే మనం ఓటెందుకు వేసినట్టు? ఉన్న ఎస్జీటీని శాశ్వతంగా ‘ఉద్ధరణ టీచరు’గా ప్రకటించేద్దాం. ఆయన ఫొటోలు, గుడ్లు, పేర్లు, సర్వేలు చూసుకుంటాడు. పక్కన ఇంకో పోస్టు పెడదాం. పత్రికలో ఇలా ప్రకటన వేస్తే చాలు:

‘కావలెను. పాఠం చెప్పుటకు ఒక టీచరు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు అనర్హులు. బడిలోని ప్రతి పిల్లవాని పేరు ఆధార్‌తో నిమిత్తం లేకుండా తెలిసి ఉండవలెను. ఎవరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలుపెట్టు ఓపిక ఉండవలెను. తనిఖీకి వచ్చిన వారికి కుర్చీ వేయు బాధ్యత ఉండదు.’

ఈ ప్రతిపాదన ఫైలుగా మారితే ఎక్కడెక్కడ తిరిగి ఏమని తిరిగొస్తుందో కూడా నేనే రాసేస్తాను, వాళ్లకు శ్రమ దేనికి. విద్యాశాఖ సూత్రప్రాయంగా హర్షిస్తుంది. ఆర్థికశాఖ కొత్త పోస్టుకు ఒప్పుకోదు గానీ, ప్రయోజనాన్ని దృష్టిలో పెట్టుకుని మధ్యేమార్గం సూచిస్తుంది: ‘ఉన్న టీచరునే వారానికి రెండు పూటలు డిప్యుటేషన్ మీద తరగతి గదికి పంపవచ్చును. దిమ్మె నుంచి తరగతి గదికి దూరం ఎనిమిది కిలోమీటర్ల లోపే కనుక టీఏ, డీఏలు వర్తించవు.’