ఇరుసు కింది బయ్యారం

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో, పదమూడో షెడ్యూలులో, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందేమో చూడమని సెయిల్‌కు ఒక మాట రాసి పెట్టారు. ఆ మాట బయ్యారం ఇనుపరాయిని చూసి రాసిందేనని ఇక్కడ అందరికీ తెలుసు. 2016లో జిల్లాలు మారాయి. బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. అదే జిల్లాలో అడవిని ఆనుకొని ఉన్న గంగారం మండలంలో లారీలున్న వాళ్ళకు ఈ లోటు అంతగా తెలియదు. ఆ పరిశ్రమే వాళ్ళ బండ్ల కింద ఉల్టాగా, ఏ అనుమతీ సబ్సిడీ లేకుండా నడుస్తోంది మరి. ఇనుపరాయి అంటే ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము. కొలిమిలో ఆ రెంటినీ విడదీస్తే ఉక్కుకు దారి పడుతుంది. వానాకాలంలో వాగులు దాటే లారీ ముందు యాక్సిల్ నీళ్ళూ గాలీ పీల్చుకొని ఇనుమునూ ఆక్సిజన్‌నూ మళ్ళీ కలిపేస్తుంది. జంషెడ్‌పూర్‌లో ఉక్కుగా బయల్దేరిన సరుకు గంగారం చేరేసరికి ఖనిజమై కూర్చుంటుంది.

పుస్తకంలో దీని పేరు తుప్పు. షెడ్డులో జంగు.

జంగు సంగతి ముందు తెలిసేది డ్రైవరు భుజాలకు. స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు తిరిగాక చక్రం తనంత తాను వెనక్కి రాదు. డ్రైవరు చెప్తే ఓనరు నమ్మడు, జీతం పెంచమనడానికి అదో దారి అనుకుంటాడు. చివరికి ఓ రోజు తానే స్టీరింగు పట్టుకొని చూసి, బండిని మానుకోట (మహబూబాబాద్) షెడ్డుకు తోలిస్తాడు.

"ఉస్తాద్, స్టీరింగు గట్టిగైతున్నది. గాలి తక్కువైందేమో సూడు."

"గాలి గాదన్నా, గ్రీజు. ఎప్పుడు కొట్టిచ్చినవ్?"

"మొన్న దసరకే."

"ఏ దసరకు?"

ఈ ప్రశ్నకు ఏ ఓనరూ సూటిగా జవాబివ్వడు. దసరాకు బండి కడిగించిన మాట నిజం, పూజ చేయించిన మాటా నిజం. గ్రీజు గన్ను నిపుల్‌కు ఆనించిన జ్ఞాపకం మాత్రం ఎవరికీ ఉండదు. పైగా ఆ కడిగించడంలోనే తిరకాసు ఉంది. వాటర్ సర్వీసింగులో పైపు ఒత్తిడి ఎంతంటే, హబ్బు వెనక సీలు అంచుకు తిన్నగా పట్టారా, వాగు చేయలేని పని అది నిమిషంలో చేసి నీళ్ళను బేరింగు దాకా తోస్తుంది. పండక్కి బండి తళతళా మెరుస్తుంది, లోపల జంగుకు విత్తనం పడుతుంది.

ఎద్దుల బండ్ల కాలంలో ఈ తగాదా లేదు. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన గొట్టం బండికే వేలాడేది. మరిచిపోతే 'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని సామెత ఉండనే ఉంది. లారీకి ఆ సౌకర్యం లేదు. ఇంజను చప్పుడులో, క్యాబిన్‌లో పెట్టిన పాటల్లో ఇరుసు ఏడుపు ఎవరికీ వినపడదు.

షెడ్డులో జాకీలెక్కి, చక్రాలు ఊడి, డ్రమ్ములు దిగాక అసలు యుద్ధం కింగ్ పిన్ దగ్గర. ముందు చక్రం పక్కకు తిరిగేది ఈ పిన్ను మీదే. ఇరుసంతా ఒక్కసారిగా తిరగనక్కర్లేకుండా ఏ చక్రానికి ఆ చక్రం తన పిన్ను మీద తిరిగే పద్ధతిని కనిపెట్టినవాడు మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్. 1818లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నవాడు ఆయన ఏజెంటు ఆకర్‌మన్. రెండు శతాబ్దాలుగా ఇంజనీరింగు పుస్తకాల్లో నిలిచింది ఏజెంటు పేరే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొని వచ్చిన రైతుకు ఈ కథ చెబితే, ఇందులో వింతేముందని అడుగుతాడు.

గ్రీజు ఎండి, నీళ్ళు చేరిన పిన్ను బయటికి రాదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బిగువుగా ఉన్న సందులో అది ఉబ్బిందంటే, సాదాబైనామా కాయితంతో ముప్పై ఏళ్ళుగా పొలంలో పాతుకుపోయినవాడిలా పిన్ను కదలనంటుంది. ముందు రాత్రే డీజిల్ పోసి నానబెడతారు. పొద్దున అడ్డుచీల తీసి, సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తారు. పిన్ను కదలదు గానీ దాని తల పుట్టగొడుగులా విచ్చుకొని, వచ్చే కాస్త దారీ మూసుకుపోతుంది. అప్పుడు గ్యాస్ మంట తెస్తారు. చుట్టూ ఉన్న ఇరుసు వేడెక్కి రవ్వంత వ్యాకోచిస్తే జంగు పట్టు సడలుతుంది. ఈ దశకు వచ్చేసరికి టీకొట్టు ముందున్న జనమంతా షెడ్డులో ఉంటారు. ఒకరు ఇటు కొట్టమంటారు, ఒకరు అటు. ఇద్దరికీ లారీ ఉండదు. చివరికి హైడ్రాలిక్ ప్రెస్సు కిందికి వెళ్ళాల్సిన పనే అది, కానీ సమ్మెట ఉండగా ప్రెస్సుకు కిరాయి ఎందుకన్నది ఓనరు సిద్ధాంతం.

పిన్ను ఊడాక జంగు వదిలించే కార్యక్రమం. ఇది షెడ్డు పోరడి వంతు. వైరు బ్రష్షు, గ్రైండరుకు తగిలించిన తీగల చక్రం, ఎమరీ కాయితం, కిరసనాయిలు డబ్బా ముందేసుకొని కూర్చుంటాడు. కళ్ళద్దాలు పెట్టుకోమని ఉస్తాద్ అరుస్తాడు, వాడు వాటిని నెత్తి మీదికి నెట్టుకుంటాడు. గీకదగ్గ చోటు వేరు, గీకకూడని చోటు వేరు. ఇరుసు దిమ్మెను ఎంత రుద్దినా నష్టం లేదు. బేరింగు కూర్చునే చోట, సీలు పెదవి ఆనే చోట గ్రైండరు పెట్టాడా, జంగుతో పాటు కొలతా పోతుంది. అక్కడ సన్న కాయితం, చేతి వేళ్ళు, కాస్త ఓపిక. పోరడి దగ్గర మొదటి రెండూ ఉంటాయి.

ఆమ్లాలు జంగును కరిగిస్తాయి. ఇంట్లో ఇత్తడి బిందె చింతపండుతో మెరిసేదీ ఇంచుమించు ఈ కిటుకుతోనే. నిమ్మకాయలో ఉన్న సిట్రిక్ ఆమ్లం ఇనుప తుప్పునూ వదిలిస్తుంది. దిష్టికని ముందు బంపరుకు కట్టే నిమ్మకాయ ఆ ఇరుసుకు మూరెడు దూరంలోనే ఎండిపోతూ ఉంటుంది, ఏం లాభం! ఇక రుద్ది కడిగిన ఇరుసుకు మళ్ళీ జంగు పట్టకుండా పూసేది రెడ్ ఆక్సైడ్. దాని ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌దే. అంటే పొద్దుటి నుంచి గీకి పారేసిన పదార్థాన్నే సాయంత్రం డబ్బాలో కొని తెచ్చి పూస్తారు. ఈ సంగతి తెలిసిన నాడు ఓనరు పొద్దుటి కూలీ ఇవ్వడు గనుక ఉస్తాద్ చెప్పడు.

ఇక సీలు. హబ్బు వెనక, లోపలి బేరింగుకు కాపలాగా కూర్చునే నల్లటి రబ్బరు కట్టు ఇది. లోపల ఉక్కు రింగు, రబ్బరు పెదవి చుట్టూ వెంట్రుకంత తీగతో చుట్టిన స్ప్రింగు. ఒకప్పుడు ఈ పని తోలు, ఉన్నితో జరిగేది. మామూలు రబ్బరు నూనెకు ఉబ్బుతుంది. 1930లలో జర్మనీలో నూనెకు లొంగని నైట్రైల్ రబ్బరు పుట్టాక సీలు దశ తిరిగింది. ఇంత చరిత్ర ఉన్న వస్తువు ధర ఆ లారీ ఒక రోజు తాగే డీజిల్ లెక్కలో కనిపించదు. అందుకే బేరం మొత్తం దాని మీదే.

"పాతది మంచిగనే ఉంది గదా ఉస్తాద్, తుడిచి ఎయ్యి."

"హబ్బు ఊడిందంటే సీలు మారాలె అన్నా."

"బేరింగులు మారుస్తున్నం గదా!"

ఈ ఆఖరి వాక్యంలో తర్కం వెతికిన వాళ్ళు ఇప్పటిదాకా బయటికి రాలేదు. వేల రూపాయల బేరింగుకు మారుమాట్లాడకుండా డబ్బిచ్చే మనిషి, దాన్ని కాపాడే రబ్బరు దగ్గర పట్టుదలకు పోతాడు. సీలు పోతే నీళ్ళు లోపలికి రావడం ఒకటే కాదు, గ్రీజు బయటికి కారి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే లారీ ఒక పక్కకే లాగుతుంది. ఆ పక్కన చెట్టుందా, చెరువుందా అన్నది డ్రైవరు అదృష్టం.

మెత్తటి రబ్బరు ఉక్కును కోస్తుందంటే నవ్వొస్తుంది గానీ కోస్తుంది. పెదవిలో ఇరుక్కున్న సన్న ఇసుక తిరిగి తిరిగి లోహం మీద గీత పెడుతుంది. ఆ గీత మీదే కొత్త సీలు ఆనితే తొందర్లోనే కారుతుంది. తెలిసిన ఉస్తాద్ గోటితో తడిమి, గీత తగిలితే సీలును రవ్వంత జరిపి కూర్చోబెడతాడు. పెదవి గ్రీజు వైపే చూడాలి, ముందుగా దానికి కాస్త గ్రీజు రాయాలి, చుట్టూ సమంగా దిగాలి. పోరడు ఒకే మూల సుత్తె వేశాడంటే కొత్త సీలు అక్కడికక్కడే పాతదవుతుంది.

సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. వరంగల్ దుకాణానికి ఫోన్లో ఆ మూడూ చదవాలి. ఓనరు బండి నంబరు చదువుతాడు. సరైన సీలు దొరికినా పార్సెలు మీద ఒట్టి 'గంగారం' అని రాయిస్తే ఇంకో చిక్కు. పక్క జిల్లాల్లోనూ గంగారాలున్నాయి. జిల్లా పేరు రాయని సీలు దేశం చూసి వస్తుంది, లారీ ఇటుకల మీద నిలబడి ఉంటుంది.

కొత్త బుష్షులు ఎక్కి, రీమరు తిరిగి, పిన్ను చేత్తో నెడితే జారేంత అమరికలో దిగుతుంది. హబ్బు నట్టు చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ కాస్త వదులు చేసి, కాటర్ పిన్ను వంచుతారు. ఓనరు స్టీరింగును వేలితో తిప్పి చూసి, ఇంత హాయిగా బండి కొన్ననాడు కూడా లేదంటాడు. ఉస్తాద్ బిల్లు అందిస్తాడు. పిన్నులకు, బేరింగులకు, కూలీకి ఓనరు తలూపుతాడు. ఆఖరి పద్దు దగ్గర ఆగి, కళ్ళద్దాలు సవరించుకుంటాడు.

"గ్రీజు గింత ఎందుకైంది ఉస్తాద్?"