ఆడిటా? అది థియరీయే కదా!

విజయవాడ బస్సు ఎల్బీ నగర్ చౌరస్తాలో దింపేసరికి ఇంకా తెల్లారదు. ట్రంకు పెట్టెల కాలం పోయి ట్రాలీ బ్యాగులొచ్చాయి గానీ, వాటిని ఈడ్చుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు చేరే సీఏ పిల్లలు మాత్రం తగ్గలేదు. వాళ్లలో నువ్వూ ఒకడివైతే, తమ్ముడూ, ఈ అన్న మాట విను. ఫైనల్ ఆడిట్ పేపరు నాలుగుసార్లు రాసినవాణ్ని. ఒక్క దెబ్బకే పాసైనవాడికి ఆ పేపరు లోతు ఏం తెలుస్తుంది?

ముందుగా, ఆడిట్‌ని చివర్లో చూసుకుందాంలే అనుకో. ఎఫ్ఆర్ పేపరుకి లెక్కలున్నాయి, ప్రాక్టీస్ కావాలి. ఇది ఉత్త థియరీ, ముందురోజు రాత్రి తిరగేస్తే చాలని హాస్టల్లో అందరూ అంటారు. అందరూ అన్నారంటే నిజమే అయ్యుంటుంది. ఆ అన్నవాళ్లలో ఎందరు పాసయ్యారని ఆరా తీయకు, బాగుండదు.

గురి నలభై మీదే పెట్టు. పేపరుకి కావలసింది నలభయ్యే కదా! మూడు పేపర్ల గ్రూపులో మూడు నలభైలు నూట ఇరవై. గ్రూపు గట్టెక్కాలంటే నూట యాభై కావాలన్న సంగతి ఫలితాల రోజున ఎలాగూ తెలుస్తుంది. ఒక్క పేపర్లో అరవై తెచ్చుకుంటే, గ్రూపు పోయినా ఆ పేపరుకి మినహాయింపు దొరుకుతుందని కొందరు ఆశపడతారు. పేరాశ.

ఎస్ఏల, అదే ఆడిటింగ్ ప్రమాణాల, చార్టు కొని మంచం పక్క గోడకి అంటించు. 230 డాక్యుమెంటేషన్, 240 ఫ్రాడ్, 570 గోయింగ్ కన్సర్న్. నంబర్లు ఫోన్ నంబర్లలా నోటికి రావాలి. లోపల ఏముందో చదవక్కర్లేదు. మెట్రోలో అమీర్‌పేట వెళ్లాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి నిలబడకు. మొదట వెనక్కి ఎల్బీ నగర్ పోయి, ఖాళీ బండిలో సీటు పట్టుకో. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, స్టేషన్‌కో నంబరు వల్లె వేసుకోవచ్చు. సీటు దొరికాక నిద్రపడితే నీ తప్పు కాదు.

505 దగ్గర మాత్రం అస్సలు ఆగకు. బ్యాంకులో ఎంత డబ్బుందో కంపెనీని కాదు, బ్యాంకునే అడగాలట. ఉత్తరం ఆడిటరే పంపాలట, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలట. ఇంత చాదస్తమా! మన ఊళ్లోనే, 2009 జనవరి 7న, సత్యం కంపెనీ రామలింగరాజు రాసిన లేఖ చూడు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ బ్యాంకు కన్ఫర్మేషన్ ఉత్తరాల పంపకం, రాక రెండూ ఆడిటర్లు కంపెనీ చేతుల్లోనే వదిలేశారని 2011లో అమెరికా ఎస్ఈసీ తప్పుపట్టింది. చూశావా, మనుషుల్ని నమ్మితే పని ఎంత తేలికో! ఆర్టికల్‌షిప్‌లోనూ అంతే. క్లయింటు అకౌంటెంట్ చాయ్ పోయించి, 'అన్నీ సరిగ్గానే ఉన్నాయ్ బాబూ' అంటే వోచర్ తెరవకుండానే టిక్కు కొట్టు. ఆకుపచ్చ పెన్ను బాగుంటుంది.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ల స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు, పాత పేపర్ల జవాబులు ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికేదానికి విలువేముంటుంది? జిరాక్సు షాపులో ఎవరివో చేతిరాత నోట్సు కొనుక్కో, ఏ సంవత్సరానివో చూడకుండా. 2024 మే నుంచి కొత్త సిలబస్ వచ్చింది. పేపర్లో ముప్ఫై మార్కులు ఎంసీక్యూలవే. వాటికి నెగెటివ్ మార్కులు లేవు. అయినా అనుమానమొస్తే ఖాళీగా వదిలెయ్. తెలియనిది తెలిసినట్టు గుర్తు పెట్టడం మన ఇంటా వంటా లేదు.

పరీక్షయ్యాక ఇంటికి ఫోన్ చేసి, 'బాగానే రాశా నాన్నా' అను. దీన్నే 580లో రిటన్ రిప్రజెంటేషన్ అంటారు. నీది నోటిమాట, అంతే తేడా. అదొక్కటే సాక్ష్యంగా సరిపోదని ఆ ఎస్ఏలో ఉంది గానీ, నాన్న సీఏ చదివాడా ఏమన్నా? 'సరేరా, భోంచెయ్' అని పెట్టేస్తాడు.

ఆ తర్వాత రెండు నిమిషాలకి నీ రూమ్మేట్ ఫోను మోగుతుంది. వాడు నీవైపు ఓసారి చూసి, 'ఆ, చెప్పండి అంకుల్' అంటూ బాల్కనీలోకి వెళ్తాడు.