మూడో నెలలో నా పని

నేను ఆస్పిరిన్‌ని. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీ ప్రయోగశాలలో శుద్ధమైన రూపంలో తయారయ్యాను. జ్వరాలూ నొప్పులూ తగ్గిస్తూ తిరిగాను. ఒంట్లో నేనేం చేస్తానో 1971లో లండన్‌లో జాన్ వేన్ తేల్చి చెప్పాక, గుండె జబ్బువాళ్ల ఇళ్లలో దగ్గరి చుట్టాన్నయ్యాను. అందుకే కడుపుతో ఉన్న పిల్ల మందుల చీటీలో నా పేరు చూడగానే పెద్దవాళ్లు కంగారుపడతారు. "గుండె మాత్ర దీనికెందుకమ్మా, రక్తం పలచబడిపోదూ?" అంటారు. న్యాయమైన భయమే. కానీ ఇక్కడ నా పని గుండెకు కాదు, మాయకు.

మాయ పాతుకునేటప్పుడు దాని కణాలు గర్భసంచి గోడలోని మెలికల ధమనుల్లోకి చొచ్చుకుపోతాయి. వాటి కండర పొరను తొలగించి వెడల్పు చేస్తాయి. అప్పుడే తల్లి రక్తం నిండుగా, నెమ్మదిగా మాయకు అందుతుంది. అయిదో నెలకల్లా ఈ పని చాలావరకు ముగిసిపోతుంది. కొందరిలో అది సగంలోనే ఆగుతుంది. దారులు ఇరుకుగా మిగిలిపోతాయి, బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. తల్లికి బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అని వణికిపోయేది ఆ ఫిట్స్‌కే.

ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది నాళాలను బిగిస్తుంది, రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. చిన్న మోతాదులోనే దాన్ని నేను ఆపేస్తాను. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి బతికిన వారం పది రోజులూ దాన్ని మళ్లీ తయారుచేసుకోలేదు. నాళాల గోడలు మాత్రం తమను సడలించే ప్రోస్టాసైక్లిన్‌ను చేసుకుంటూనే ఉంటాయి. మోతాదు పెంచితే ఈ మేలు పోతుంది. నెలలు నిండే వేళ పెద్ద మోతాదు బిడ్డ గుండె దగ్గరి డక్టస్ నాళాన్ని ముందే మూసేయగలదు కూడా.

1994లో ఫలితాలు వెలువడిన క్లాస్ప్ అనే పెద్ద పరీక్షలో 9,364 మంది గర్భిణులు పాల్గొన్నారు. రోజుకు 60 మిల్లీగ్రాములు. కొందరికి 32వ వారం దాకా వచ్చాక మొదలుపెట్టారు. ఫలితం చూసి చాలామంది నామీద ఆశ వదులుకున్నారు. 2017లో ఆస్ప్రే పరీక్ష వచ్చింది. ముప్పు ఎక్కువున్న 1,776 మందిని ముందే గుర్తించి, 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రోజూ రాత్రి సగం మందికి 150 మిల్లీగ్రాములు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్రవాళ్లలో 4.3 శాతం, నన్ను వాడినవాళ్లలో 1.6 శాతం. నేను అదే మందుని. మోతాదు మారింది, వేళ మారింది, ఎవరికివ్వాలో తెలిసింది.

ఏడో నెల డాప్లర్ స్కానులో బొడ్డుతాడు ధమనిలో గుండె కొట్టుకోడానికీ కొట్టుకోడానికీ మధ్య రక్తం ఆగిపోతున్నట్టు కనిపించాక నన్ను రాసినా, పాతుకోవడంలోనే చెడిన మాయను నేను బాగుచేయలేను. కాన్పు ఎప్పుడన్నది ఇక డాక్టర్ల నిర్ణయం. మొదటి కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బో షుగరో ఉన్నవాళ్లు, కవలలను మోస్తున్నవాళ్లు, ఇలా ముప్పు ఎక్కువున్నవాళ్లలోనే కొందరు మూడు నెలలు దాటేదాకా బయటికి చెప్పకూడదన్న ఆనవాయితీతో ఆస్పత్రికి కూడా వెళ్లకుండా ఉండిపోతారు. నాకు కావలసినవి సరిగ్గా ఆ వారాలే.